కొత్త గుల్లల నాణ్యతా విభాగం

బహ్రెయిన్లో రిఫా ఊరు దాటి ఇళ్లు పలచబడి ఇసుక మొదలయ్యే చోట ఉన్న తుపాకి గురి క్లబ్బు నోటీసు బోర్డు మీద ఒక ఆదివారం ఉదయం ఈ ప్రకటన వెలసింది. "వార్షిక పోటీల నిమిత్తం ఐదు వేల ఇత్తడి గుల్లలు యూరపు నుంచి దిగుమతి అయినవి. ఇవి పూర్తిగా కొత్తవి. కొత్తవి కనుక నాణ్యమైనవి. నాణ్యమైనవి కనుక వీటిని ఎవరూ పరీక్షించరాదు. పరీక్షించుట తయారీదారును అవమానించుటగా పరిగణింపబడును." కింద ఆపరేషన్స్ మేనేజరు శ్రీనివాసరాజుగారి సంతకం, సంతకం కింద ఆయనదే మరో చిన్న సంతకం.

గుల్ల అంటే తూటాకి ఒళ్లు. అడుగున నిప్పు పుట్టించే బిళ్ల, కడుపులో మందు, మూతికి గుండు పెడితే తూటా అవుతుంది. కాల్చాక మిగిలిన గుల్లని బాగుచేసి మళ్లీ నింపుకోవడం ఈ క్రీడలో మామూలే. కానీ ఈసారి పొరుగు దేశాల పెద్దలు అతిథులుగా వస్తున్నారు. పెద్దలకి వాడిన గుల్లలు పెడితే మర్యాదగా ఉండదని కమిటీ తీర్మానించి కొత్తవి తెప్పించింది.

శ్రీనివాసరాజుగారిది భీమవరం. తమ వంశంలో గురి రక్తంలోనే ఉందని ఆయన తరచూ చెబుతూ ఉండేవారు. రక్తంలో ఉన్నదాన్ని మళ్లీ చేతుల్లోకి తేవడం దండగ కాబట్టి ఆయన ఎప్పుడూ తుపాకి పట్టలేదు. మీసం మాత్రం పెంచారు. అది చూసే క్లబ్బువారు ఉద్యోగం ఇచ్చారని గిట్టనివాళ్లు అంటారు. అర్హత పత్రాలు కూడా చూశారు.

ఆ పెట్టెల్ని లారీ నుంచి దించినవాడు కన్నబాబు. కాగితాల్లో అతను 'జనరల్ క్లీనర్'. సిత్రాలోని కూలీల క్యాంపు నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి, కాల్పుల వరస దగ్గర రాలిన గుల్లలు ఊడ్చి, ఏరి, బకెట్లలో పోయడం అతని డ్యూటీ. ఊళ్లో అతనిది మూడు తరాల కంచరి ఇల్లు. అజ్జరంలో తాత బిందెలు పోశాడు, తండ్రి గంటలు పోశాడు. జనం స్టీలు మీద, తర్వాత ప్లాస్టిక్ మీద మోజు పడేసరికి కన్నబాబు కొలిమి ఆర్పేసి విమానమెక్కాడు. వీసా దరఖాస్తులో చేతిపని రాయడానికి గడి లేదు. ఏజెంటు దయతలచి చీపురు ఇప్పించాడు.

క్లబ్బులో గుల్లల్ని ఇంగ్లీషులో కేసులనేవారు. ఆ సాయంత్రం కన్నబాబు భార్య సాయికుమారికి ఫోన్ చేసి, తన చేతిలో ఐదు వేల కేసులున్నాయని గొప్పగా చెప్పాడు. "అన్నీ నీ మీదేనా?" అని అడిగింది ఆమె.

గుల్లల్ని ట్రేల్లో సర్దుతుంటే అతని వేళ్లు ఆగిపోయాయి. కొన్నిటి మూతులు ప్రయాణంలో నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. కోసిన అంచులు గరుకుగా, గోరు తగిలితే చర్మం లేచేలా ఉన్నాయి. పక్కపక్కన నిలబెడితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నిప్పు లోపలికి పోయే చిల్లు చుట్టూ రజను తేలి ఉంది. ఒక గుప్పెడు గుల్లల్ని ఒక్కొక్కటిగా గచ్చు మీద జారవిడిచి విన్నాడు. చాలావరకు ఖంగుమన్నాయి. ఒకటి మాత్రం తడిబట్టలో కట్టిన గంటలా పలికింది. దాన్ని ఎండకి తిప్పి చూస్తే, అడుగుకి కాస్త పైన వెంట్రుకంత పగులు.

అతను మేనేజరు గదికి వెళ్లి నిలబడ్డాడు.

"ఇయ్యి ఇంకా తయారవ్వలేదండి. మూతులు గుండ్రం చెయ్యాలి, పొడుగు ఒక లెక్కకి తేవాలి, అంచులు నున్నగా తియ్యాలండి. పగుళ్లున్నయ్యి పక్కన పడెయ్యాలి."

శ్రీనివాసరాజుగారు నవ్వారు. కింది ఉద్యోగుల సూచనలు సానుభూతితో వినాలని ఆయన ఒక శిక్షణలో నేర్చుకున్నారు. వినడం అయ్యాక, యూరపు వాడికి తెలియనిది అజ్జరం వాడికి తెలుస్తుందా అని సానుభూతితోనే అడిగారు. పైగా గుల్లల మెడల దగ్గర నీలం, గోధుమ రంగు మరకలున్నాయని, వాటిని బాగా తోమి పోగొట్టమని పని కూడా చెప్పారు. అది మరక కాదని, మెడ మెత్తబడడానికి కాల్చిన గుర్తని, మొత్తం సరుకులో మంచి లక్షణం అదొక్కటేనని కన్నబాబు చెప్పబోయాడు. గది తలుపు అప్పటికే మూసుకుంది.

మొదటి రోజు సాధనలో ఆ గుల్లలే నింపి కాల్చిన సభ్యులందరూ గురి తప్పారు. నిరుడు పతకం కొట్టినవాడి గుళ్లు గురి బల్ల నాలుగు మూలలకీ సమానంగా పంచిపెట్టినట్టు తగిలాయి. వెంటనే విచారణ సంఘం వేశారు. సంఘం మూడు రోజులు కూర్చుని గాలిని, ఎండని, కాల్చేముందు తాగే టీని అనుమానించింది. గాలిని చూపే కొత్త జెండాలు కొన్నారు. టీ నిషేధించారు. గుల్లల మీద ఎవరికైనా అనుమానం ఉందేమో అడగాలని ఒక సభ్యుడు ప్రతిపాదించగా, అవి కొత్తవని ఛైర్మన్ గుర్తుచేశారు. ప్రతిపాదన వెనక్కి తీసుకోబడింది.

టీ నిషేధం వల్ల ఎక్కువ బాధపడినవాడు అబూ జాసిం. ఆయన క్లబ్బులో పాత సభ్యుడు, బహ్రెయినీ ముసలాయన, రిఫైనరీలో ముప్పై ఏళ్లు లేతు యంత్రం మీద పనిచేసి రిటైరైనవాడు. ఫ్లాస్కు దాచుకుని స్టోర్ వెనక నీడకి వచ్చి చూస్తే, అక్కడ కన్నబాబు పగిలిన అద్దం ముక్క మీద గుల్లని దొర్లిస్తూ వంకర చూస్తున్నాడు. ముసలాయన ఏమీ అడగకుండా పక్కన కూర్చుని తనూ ఒకటి దొర్లించాడు. దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసి, "ఎక్కడ నేర్చుకున్నావు భాయ్?" అన్నాడు హిందీలో.

"మా నాన్న దగ్గర."

"నేను మా నాన్న దగ్గర. ఆయన పడవలకి మేకులు కొట్టేవాడు."

మర్నాడు అబూ జాసిం ఇంటి నుంచి పనిముట్లు తెచ్చాడు: మూతిలోకి దూర్చి గుండ్రం చేసే ఉక్కు కడ్డీ, పొడుగు కోసే చిన్న యంత్రం, అంచులు లోపలా బయటా గీసే పరికరం, ఒక తూకం. క్లబ్బు అనుమతి పుస్తకంలో ఆయన పేరు ఉంది కాబట్టి ఎవరూ అడ్డుపెట్టలేదు. మూడు మధ్యాహ్నాలు భోజనం వేళ ఇద్దరూ కలిసి నూరు గుల్లలు సిద్ధం చేశారు. ఆ కొద్ది గంటలు కన్నబాబుకి క్యాంపు, చీపురు గుర్తు రాలేదు. వేళ్లకి ఇత్తడి వాసన పట్టింది. సబ్బుతో కడుక్కోబుద్ధి కాలేదు.

నాలుగో రోజు అబూ జాసిం వాటిలో ఐదింటికి మందూ గుండూ నింపి కాల్చాడు. ఐదు గుళ్లూ అరచేతిలో దాచుకోగలిగినంత చోటులో తగిలాయి. రహస్యమేమిటని సభ్యులు చుట్టుముట్టారు. ఆయన కన్నబాబుని చూపించాడు. అందరూ ఆ వైపు చూశారు. అక్కడ క్లీనరు తప్ప ఎవరూ లేకపోవడంతో మళ్లీ ఆయన వైపు చూశారు.

ఇక శ్రీనివాసరాజుగారు ఆలస్యం చేయలేదు. ఆ వారమే 'కొత్త గుల్లల నాణ్యతా విభాగం' ప్రారంభించి, దానికి తానే డైరెక్టరుగా బాధ్యత నెత్తిన వేసుకున్నారు. రిబ్బను కత్తిరించి ఇలా ప్రసంగించారు: "ఇత్తడి మాట్లాడుతుంది. దాని భాష అందరికీ అర్థం కాదు. దూరదృష్టి ఉన్నవాడికే అర్థమవుతుంది. మొదటి పెట్టె విప్పిన రోజే నాకు అర్థమైంది. అయినా సంస్థ ప్రయోజనం దృష్ట్యా మౌనం వహించాను." సభ్యులు ఆ మౌనాన్ని ఎంతో మెచ్చుకున్నారు. విభాగానికి బోర్డు, రబ్బరు ముద్ర, ఒక కాఫీ యంత్రం వచ్చాయి. పనిచేసే మనిషిగా కన్నబాబు వచ్చాడు, చీపురు డ్యూటీ అలాగే ఉంటుందన్న షరతు మీద.

పోటీలకి తొమ్మిది రోజులుంది. కన్నబాబు ఒక్కో గుల్లనీ చేత్తో తడిమి, చెవితో విని, చెయ్యగలిగినన్ని చేశాడు. పగుళ్లున్నవి మొత్తం నలభై ఒకటి తేలాయి. వాటిని వేరే డబ్బాలో పోసి, పారేయాలని మేనేజరుకి చెప్పాడు.

ఇక్కడ పరిపాలనా సంబంధమైన చిక్కు ఒకటి వచ్చింది. పారేస్తే, పనికిరానివి వచ్చినట్టు. వచ్చినట్టయితే, కొన్నవాళ్లు పొరపాటు పడ్డట్టు. కొన్నది శ్రీనివాసరాజుగారు. డైరెక్టరు హోదాలో ఆయన మేనేజరు హోదాలోని తనతో చర్చించి, ఎవరి పొరపాటూ లేదని నిర్ధారించారు. అంతలో ఆయన చూపు డబ్బా మీద పడింది. సిద్ధం చేసిన గుల్లల మీద పనిముట్ల గీతలున్నాయి. పక్కన పెట్టినవి మాత్రం ఎవరూ ముట్టక బంగారంలా మెరుస్తున్నాయి. ముఖ్య అతిథుల మఖమల్ పెట్టెలోకి ఇవే వెళ్లాలని అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు.

కన్నబాబు డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దండి. ఆ పగులు తెగిందంటే మంట ఎనక్కి తన్నుద్దండి. కాల్చినోళ్ల కళ్లు పోతాయండి."

"నీ వీసా ఎవరి చేతిలో ఉందిరా?"

"తమ చేతిలోనేనండి."

"మరి కళ్ల సంగతి నీకెందుకు?"

అతను బయటికి వచ్చాడు. పదకొండు గంటల ఎండ. సాయికుమారి మొహం, పెద్దాడి ఫీజు, ఏజెంటు దగ్గర అప్పు కాగితం మీద పెట్టిన వేలిముద్ర వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి. వీటిలో ఏ ఒక్కటీ ఎదురుతిరగమని అతనికి చెప్పలేదు. తండ్రి పగిలిన గంటని ఏం చేసేవాడో మాత్రం చేతులకి తెలుసు. ఎవరైనా పొరపాటున కొనకుండా, వీధిలో అందరూ చూస్తుండగా చితక్కొట్టి కొలిమిలో వేసేవాడు. కన్నబాబు స్టోర్ నుంచి సుత్తి తెచ్చి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని, నలభై ఒక్క గుల్లల్నీ ఒక్కొక్కటిగా రేకుల్లా చదును చేశాడు. చివరిది అయ్యాక సుత్తిని స్టోర్లో ఉన్నచోటే పెట్టి వచ్చాడు.

కొత్త ఆస్తిని ధ్వంసం చేసినందుకు అతని మీద కేసు నమోదైంది, క్లబ్బు లోపలి విచారణే. ఈసారి కేసన్న మాట భార్యకి ఫోన్లో చెప్పలేదు. పోటీలు అయ్యేవరకు క్యాంపు దాటవద్దన్నారు.

పోటీలు దివ్యంగా జరిగాయి. అతిథులకి మఖమల్ పెట్టెలో గీతలున్న గుల్లలే ఇవ్వాల్సి వచ్చింది. వాళ్లు వాటితోనే గురి కొట్టి, ఇంత చక్కటి తూటాలు ఏ దేశంలోనూ చూడలేదన్నారు. ఎవరి కంటికీ ఏమీ కాలేదు.

విచారణ సంఘానికి ఇదే ముఖ్య సాక్ష్యమైంది. ప్రమాదం జరగలేదు, కనుక ప్రమాదం లేదు, కనుక కన్నబాబు మంచి గుల్లల్ని పాడుచేశాడు. అబూ జాసిం లేచి, చదునైన ముక్క ఒకటి బల్ల మీద పెట్టి భూతద్దంలో పగులు చూపించాడు. సుత్తితో కొడితే పగుళ్లు రావడం సహజమేనని సంఘం వివరించింది. ముసలాయన "ఖలాస్, ఇక చాలు" అని భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. సిత్రాలో తన అల్లుడి లేతు షాపుకి ఒక మనిషి కావాలని, ఇతన్ని వదిలేయమని అడిగాడు. క్లబ్బు ఉదారంగా వదిలేసింది. కొత్త కాగితాల్లోనూ చేతిపనికి గడి దొరకలేదు. కన్నబాబు జనరల్ క్లీనరుగానే లేతు ముందు నిలబడ్డాడు.

తర్వాత నెల మన తెలుగువారంతా కలిసి ఒక హాల్లో శ్రీనివాసరాజుగారికి శాలువా కప్పి, 'ఇత్తడి బ్రహ్మ' బిరుదు ఇచ్చారు. గల్ఫు గడ్డ మీద మన హస్తకళా వారసత్వాన్ని నిలబెట్టారని వక్తలు గద్గద స్వరంతో కొనియాడారు. రాజుగారు వినయంగా, ఇందులో తన గొప్పేమీ లేదన్నారు. ఆ సాయంత్రం పలికిన నిజం అదొక్కటే అయినా, దాన్ని ఎవరూ నమ్మలేదు.

భోజనాల వరసలో కన్నబాబు ముందు నిలబడిన పెద్దమనిషి వెనక్కి తిరిగి ఏ ఊరని అడిగాడు. అజ్జరమని చెప్పగానే సంబరపడి, ఏం పనని అడిగాడు.

"క్లీనర్నండి."

పెద్దమనిషి జాలిపడి అతని భుజం తట్టాడు. "బెంగపడకు. చేతిలో పనంటూ ఉండాలి. కష్టపడి ఏదైనా నేర్చుకో. నువ్వూ రాజుగారంతటి వాడివవుతావు."

కన్నబాబు "ఆయ్" అని తల వంచి, పెరుగన్నం పెట్టించుకుని పక్కకి వెళ్లాడు.

ఆ పెద్దమనిషి ఎవరని మాత్రం అడక్కండి. హాలు కిటకిటలాడింది, వెనక వరస దాకా చప్పట్లు మోగాయి. మీరూ ఆ భోజనాల వరసలోనే ఉన్నారు కదా.