మీదీ ఒక్క మాట

ఆ రోజుకు రికార్డు కీపరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, అందరికన్నా ముందు ఆఫీసుకు చేరాలి, రికార్డు గదిలో నేలమీద పేరుకున్న పాత ఫైళ్ళను బీరువాల్లోకి ఎక్కించాలి. సాయంత్రం నాలుగింటికి తనిఖీ ఉంది. దివ్యాంగ ఉద్యోగులకు ఏ సౌకర్యాలున్నాయో చూడటానికి పై ఆఫీసు నుంచి అధికారిణి వస్తున్నారు.

వారం రోజులుగా ఆఫీసంతా అదే పనిమీద ఉంది. మెట్ల పక్కన సిమెంటు ర్యాంపు కట్టించి, దానికి పసుపు గీతలు కొట్టించారు. చక్రాల కుర్చీ వాడేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఉన్న ఒక్క దివ్యాంగుడు రికార్డు కీపరే. ఆయనకు మెట్లెక్కడం బాగానే వచ్చు, వినపడకపోవడమే ఇబ్బంది. ఆరేళ్ళ కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ రెండు చెవులనూ వెంటబెట్టుకుపోయింది.

మొదట్లో ఆయన "ఏమన్నారూ?" అని అడిగేవాడు. "ఏం లేదులెండి" అనేవారు. ఆరేళ్ళలో ఆ ఆఫీసులో జరిగిన గొడవలు, ప్రమోషన్లు, కుదిరిన సంబంధాలు, పేలిన జోకులు, అన్నీ కలిపి ఆయనదాకా వచ్చింది ఆ 'ఏం లేదు' ఒక్కటే. భోజనాల దగ్గర అందరూ నవ్వాక ఒక క్షణం ఆలస్యంగా నవ్వి నవ్వి, చివరికి క్యారియరు రికార్డు గదికే తెచ్చేసుకున్నాడు. అడగడమూ మానేశాడు. పెదాలు చూసి పోల్చుకోవడం, తలూపడం.

పదింటికి మేనేజరు గుమ్మంలోంచి తొంగిచూసి, గడియారం చూసుకుంటూ అన్నాడు. "సాయంత్రం మీటింగులో మీదీ ఒక్క మాట ఉండాలండీ. రెండు నిమిషాలు చాలు."

మాట అన్నా, పాట అన్నా, బాట అన్నా పెదాలు ఒకేలా కలిసి విడిపోతాయి. వినేవాడికి తేడా తెలుస్తుంది, చూసేవాడికి తెలియదు. మీటింగులో బాటతో పనిలేదు కనుక దాన్ని కొట్టేశాడు. ఆరేళ్ళుగా తనని మాట అడిగినవాడు లేడు కనుక అదీ కొట్టేశాడు. మిగిలింది పాట. జ్వరానికి ముందు ఆఫీసు కార్యక్రమాల్లో ఆయనే పాడేవాడు. ఇంకా గుర్తుపెట్టుకున్నారన్నమాట! ఆయన గట్టిగా తలూపాడు.

మధ్యాహ్నం భోజనం కాగానే సిగ్గుపడుతూ తలుపు గడియ పెట్టుకున్నాడు. గుండెమీద చెయ్యి వేసుకుంటే గొంతు అదురు తెలుస్తోంది. ఆ అదురునే శ్రుతి అనుకుని, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

వరండాలో వెళ్తున్న టైపిస్టు ఠక్కున ఆగిపోయింది. "ఎవరో మూలుగుతున్నారండీ!"

"రికార్డాయన గదే" అన్నాడు క్యాషియరు.

ముసలి అటెండరు తాళం కన్నంలోంచి చూశాడు. "అయ్యో, గుండె పట్టుకున్నాడయ్యా!"

తలుపు కొట్టారు. పిడికిళ్ళతో, తర్వాత స్టూలుతో. "చెవిటివాడి ముందు శంఖ..." అనబోయి టైపిస్టు నాలుక కరుచుకుంది. క్యాషియరు ఆయనకు ఫోన్ చేశాడు. లోపల ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. "ఎత్తడం లేదు. స్పృహ పోయినట్టుంది" అని తేల్చాడు. ఒకరు అంబులెన్సును పిలిచారు, ఒకరు ఆయన అక్కకు కబురు చేశారు. మేనేజరు వచ్చేసరికే కబురు పై అంతస్తుకు పాకి, అక్కడ సంతాప తీర్మానానికి తెల్లకాగితం వెతుకుతున్నారు.

ఆ గది లైటు స్విచ్చి వరండాలోనే ఉంది. రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే ఆయన కళ్ళు తెరిచేవాడు. అది ఎవరికీ తట్టలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తారు. ఆరుగురు కలిసి ఒక్క తోపు తోస్తే తలుపు బందులతో సహా ఊడి లోపల పడింది, తలుపుమీద ఆ ఆరుగురూ పడ్డారు.

కాళ్ళకింద నేల అదిరితే ఆయన కళ్ళు తెరిచాడు. "ఇంతమంది వచ్చారా! రండి, రండి" అని మొహమాటంగా నవ్వి చరణం అందుకున్నాడు. వాళ్ళు ఆయన్ని అమాంతం ఎత్తి బల్లమీద పడుకోబెట్టారు. ఇస్త్రీ చొక్కామీద చెంబెడు నీళ్ళు గుమ్మరించారు.

"ఏమైందండీ?"

ఆరు నోళ్ళు ఒక్కసారే కదిలితే ఏ మాటా అందదు. ఆయన బెదిరిపోయి మళ్ళీ అడిగాడు. క్యాషియరు భుజం తట్టి, స్పష్టంగా తెలిసేలా అన్నాడు. "ఏం లేదు. ఏం లేదు."

అంతలో అక్క రొప్పుతూ వచ్చింది. జనాన్ని తోసుకుని తమ్ముడి ముఖానికి ఎదురుగా నిలబడింది. "ఏంట్రా ఇది?"

"సాయంత్రం నా పాట ఉందన్నారక్కా. సాధన చేసుకుంటున్నా."

అక్క వెనక్కి తిరిగింది. "గుండెనొప్పీ లేదు, నా తలకాయా లేదు. వీడు చిన్నప్పట్నుంచీ ఇలాగే పాడతాడు!"

"పాట కాదండీ, మాట!" మేనేజరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "మేడమ్‌గారు అడిగితే 'అన్నీ బాగున్నాయి' అని ఒక్క మాట చెప్పమన్నాను."

అక్క ఆ ముక్క కాగితంమీద రాసి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు. "పాట కాదన్నమాట" అని, తడిసిన చొక్కా బొత్తాలు సరిచేసుకోసాగాడు.

అధికారిణి అరగంట ముందే వచ్చింది. పడిపోయిన తలుపు దాటుకుని లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని, వెలుతురు తన ముఖంమీద పడేలా ఆయన ఎదురుగా కూర్చుంది. "ఏం జరిగిందో మీరు చెప్పండి."

ఆవిడ వెనక మేనేజరు చేతులు జోడించి నిలబడ్డాడు.

"అన్నీ బాగున్నాయని చెప్పమన్నారండీ" అన్నాడాయన. "ఆరేళ్ళలో నా గదికి ఇంతమంది రావడం ఇదే మొదటిసారి. అదీ నేను పోయాననుకుని వచ్చారు."

ఆవిడ చాలాసేపు రాసుకుంది. బయట బటను నొక్కితే లోపల దీపం వెలగాలని, ఆయనతో ఎదురుగా నిలబడి మాట్లాడాలని, కుదరకపోతే రాసి చూపాలని ఉత్తర్వు. లేస్తూ, "ఆ పాట పూర్తిచేస్తారా?" అని అడిగింది. ఆయన పాడాడు. ఆఫీసంతా నిలబడి, కదలడానికి దారిలేక, ఆసాంతం వింది.

"ఎలా ఉందండీ?" అన్నాడు భయంభయంగా.

టైపిస్టు ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "ఘోరంగా ఉందండీ. శ్రుతి ఎక్కడికో పోయింది."

ఆయన ముఖం విప్పారింది. ఆ ఆఫీసులో ఆరేళ్ళ తర్వాత ఆయనకు పూర్తిగా అందిన మొదటి సంగతి అది.

భోజనం ఇప్పటికీ చాలా రోజులు ఒక్కడే చేస్తాడు. టైపిస్టు మాత్రం అప్పుడప్పుడు వచ్చి, గుమ్మంలోంచి ఆయన కనిపిస్తున్నా సరే, బటను నొక్కి మరీ లోపలికి వస్తుంది. దీపం వారం తిరక్కుండానే బిగించారు.

తలుపు మాత్రం ఇంకా మంజూరు కాలేదు.