అన్నిచోట్లా ఆగే మెరుపుబండి

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి, వేగం ఒక్కటే లేదు. కొండ దాపున ఇప్పపట్నం, ఏటి ఒడ్డున రెల్లుపట్నం అని అక్కడ రెండు మహానగరాలు. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే దున్నపోతుల బండి ఎక్కాలి. ఈరోజు ఎక్కితే రేపు దిగొచ్చు. దారిలో బురదగుంట కనబడితే మాత్రం దున్నపోతుల ఇష్టం.

ఇప్పపట్నంలో నూకాలు అనే కోతి ఉండేది. ఆమె కూతురు పైడమ్మను రెల్లుపట్నం ఇచ్చారు. పైడమ్మకిప్పుడు వేవిళ్ళు. ఏం తిన్నా ఇమడడం లేదు, నానాటికీ చిక్కిపోతోంది. లేత తాటిముంజలైతే తింటానని తల్లికి కబురు పెట్టింది. రెల్లుపట్నం చుట్టుపక్కల తాటిచెట్టన్నదే లేదు. నూకాలు రెండుసార్లు ముంజలు పట్టుకుని బండెక్కింది. రెండుసార్లూ చేరేసరికి అవి పులిసిపోయాయి. కూతురు వాసన చూసి మొహం తిప్పేసుకుంటే తల్లి ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా అప్పుడే మృగరాజుగారు మెరుపుబండి ప్రకటించారు. చెక్క పట్టాలు, వాటిమీద పెట్టెలు, ముందు అడవిగుర్రాలు. ఇప్పపట్నంలో చద్దన్నం తిని ఎక్కితే మధ్యాహ్నం భోజనం రెల్లుపట్నంలో. దారిలో ఎక్కడా ఆగదు.

"ఎక్కడా ఆగదా?" అంటూ సభలో ఏనుగు లేచింది. ఏనుగు లేస్తే సభలో వెలుతురు తగ్గుతుంది. "మా వెదురుపేట మీదుగా పోతూ మా పేటలో ఆగదా? రేపు మావాళ్ళకి నా మొహం ఎలా చూపించను?"

"ఆగితే వేగం పోతుంది కదండీ," అంది గుర్రాల పెద్ద.

"నీకు తెలీదు, కూర్చో. బండి రివ్వున పోతే మావాళ్ళకి దుమ్ము తప్ప ఏం కనబడుతుంది? ఆగితేనే కదా, ఎంత వేగంగా వచ్చిందో చూసేది!"

ఈ మాటకి సభంతా బల్లలు చరిచింది. వెంటనే ఎలుగుబంటి లేచి తన తేనెగూడెంలో ఆపాలంది. అడవిపంది తన దుంపలపాలెం పేరెత్తింది. ఆ తరవాత లేవనివాళ్ళు లేరు. పాముకి సభలో చోటు లేదు కాబట్టి అది తిన్నగా పోయి పట్టాలకడ్డంగా పడుకుంది. పుట్ట దగ్గర కూడా ఆపుతామన్నాకే లేచింది.

మృగరాజుగారు తల పట్టుకున్నారు. అప్పుడు కార్యదర్శి నక్క ముందుకొచ్చింది.

"ప్రభూ, ఎవరినీ నొప్పించక్కర్లేదు. అన్నిచోట్లా ఆపుదాం. చేరేది మధ్యాహ్నం కాదు, పొద్దుగూకాక అని చాటింపు వేయిద్దాం. ఇక బండి ఎప్పుడు చేరినా ముందొచ్చినట్టే!"

"అంటే వేగానికి ఏ లోటూ రాకుండా ఆలస్యం చెయ్యొచ్చన్నమాట," అని మృగరాజుగారు జూలు దువ్వుకుని మెచ్చుకున్నారు.

మొదటి రోజు ప్రయాణానికి మృగరాజుగారే బయలుదేరారు. మెరుపుబండిలో మొదట చేరినవాళ్ళకి వెయ్యడానికి రెల్లుపట్నంవాళ్ళు సంపెంగల దండ కట్టి ఉంచారు మరి. చాటింపు మార్చిన సంగతి తెలియని నూకాలు, ముంజలు తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, చివరి పెట్టెలో కూర్చుంది. మధ్యాహ్నానికల్లా కూతురి నోట్లో ముంజ పెట్టొచ్చని ఆమె ఆశ.

గుర్రాలు ఊపందుకునేలోగా వెదురుపేట వచ్చింది. బండి ఆగింది. డప్పులు, కొబ్బరికాయలు, శాలువా. రాజుగారు దిగారు. వేగం గురించి ఏనుగు చాలా తీరిగ్గా మాట్లాడింది. మళ్ళీ కదిలి నాలుగడుగులు వేసిందో లేదో తేనెగూడెం. అక్కడా డప్పులే. ఎలుగుబంటి ఉపన్యాసం కాగితం చూసి చదివింది, చదువు రాకపోయినా.

ఎండ మాడు మీదికొచ్చింది. నూకాలు దిగి గుర్రాల పెద్ద దగ్గరికి పరిగెత్తింది.

"ఏటి బాబూ, బండెప్పుడు కదుల్తాది? ఎండకి ముంజలు పాడైపోతన్నాయి."

"ఏం చెయ్యను నూకాలమ్మా? పరిగెత్తమంటే పరిగెత్తుతాను. ఆగడం మాత్రం పెద్దల చేతిలో ఉంది."

నూకాలు పైకి చూసింది. చెట్ల కొమ్మలు ఒకదాన్నొకటి తాకుతూ ఏటిదాకా పరుచుకున్నాయి. కానీ పట్నవాసం మరిగాక కోతులెవరూ కొమ్మ పట్టుకోవడం లేదు. అది నామోషీ. చూసినవాళ్ళు నవ్వుతారు.

"సిగ్గుదేముంది, రేపు పడొచ్చు. ముంజలు రేపటిదాకా ఉండవు," అని గొణుక్కుని, మూట నడుముకి బిగించి ఒక్క గెంతు గెంతింది.

తిన్నగా కూతురింటి పెరట్లో దిగింది. పైడమ్మ ఒక ముంజ తిన్నది, ఇమిడింది. ఇంకోటి తిన్నది. ఆపైన మూట మొత్తం దగ్గరికి లాక్కుంది. వేళ్ళ సందుల్లోంచి కారుతున్న నీళ్ళు నాకుతున్న కూతుర్ని చూసి నూకాలు ఏడుస్తూ నవ్వింది.

ఈలోగా దండ వాడిపోతోందని కంగారుపడుతూ ఆ పెరటి పక్కనుంచి పోతున్న పురపెద్ద కొంగకి నూకాలు చేతిలో మెరుపుబండి టికెట్టు కనబడింది.

"అమ్మా, మెరుపుబండిలోనే వచ్చావా?"

"దాన్లోనే బయలెల్లినాను బాబూ."

ఇంకేం! దండ నూకాలు మెడలో పడింది. బాజాలు మోగాయి, అందరూ పులిహోర తిని ఇళ్ళకెళ్ళిపోయారు.

పొద్దు వాలుతుంటే రాజుగారి బండి చేరింది. స్టేషన్లో ఖాళీ ఆకులు తప్ప ఎవరూ లేరు.

"ప్రభూ, చాటింపు వేసిన వేళకంటే ముందే వచ్చాం!" అంది నక్క సంబరంగా.

"ముందొస్తే ఎదురొచ్చేవాళ్ళేరి? నా దండేది?" అని రాజుగారు గర్జించిన గర్జనకి నక్క కార్యదర్శి పదవి అక్కడికక్కడే ఊడింది.

మర్నాడు సభకి నూకాలును పిలిపించారు.

"అంత త్వరగా చేరావంటే ఏదో మంచి దారి ఉండే ఉంటుంది. చెప్పు, దాన్ని రాజమార్గం చేస్తాను," అన్నారు మృగరాజుగారు.

నూకాలు నోరు తెరవబోయింది. ఇంతలో సభలో వెలుతురు తగ్గింది. ఏనుగు లేచి నుంచుంది. దాని వెనక ఎలుగుబంటి గొంతు సవరించుకుంటోంది. అడవిపంది అప్పుడే "మా దుంపలపాలెం..." అని మొదలుపెట్టింది.

నూకాలుకి కూతురి మొహం గుర్తొచ్చింది. రేపు మళ్ళీ ముంజలు పట్టుకెళ్ళాలి. వెంటనే రెండు చేతులూ జోడించింది.

"దారేటి బాబూ, ముసిల్దాన్ని. మరిసిపోనాను."

నీతి: త్వరగా చేరాలంటే దారి తెలిసి ఉండాలి, అది పెద్దలకి తెలియకుండా ఉండాలి.