కూత వేసే గిటారు

గిటారంటే మీరు చెక్కది అనుకుంటారు. నాది రేకుది. రెసొనేటర్ గిటారంటారు. ఒళ్ళంతా లోహం, పొట్టలో పళ్ళెమంత అల్యూమినియం రేకు. తీగ మీటితే ఆ రేకు అదురుతుంది. దాంతోపాటు మా కిటికీలూ, మా ఆవిడ నరాలూ అదురుతాయి.

దాన్ని మా కాలనీ వార్షికోత్సవంలో వాయించే అవకాశం నాకు దక్కింది. ఎలా దక్కిందని అడక్కండి. కార్యదర్శి గారు ఎవర్నీ అడగకముందే వెళ్ళి ఒప్పేసుకున్నాను.

రిహార్సల్లో మైకు ముందు ఒక్క తీగ మీటానో లేదో, 'కుయ్‌ఁ' అని కూత! మా కాలనీ పళ్ళ డాక్టరు గారు చెవులు మూసుకున్నారు. రోజూ పొద్దస్తమానం డ్రిల్లు చప్పుడు వినే మనిషి!

సౌండు సెట్టు మా బావమరిదిదే. వాడు వివరించాడు. "నీ గిటారు చప్పుడు మైకులోకి, మైకులోంచి స్పీకర్లోకి, అక్కణ్ణించి మళ్ళీ గిటార్లోకి. అలా తిరిగి తిరిగి పెరిగిపోతుంది బావా."

"మీ అమ్మగారూ, మీ అక్కయ్యా ఫోన్లో మాట్లాడుకున్నట్టన్నమాట," అంది మా ఆవిడ నాతో. "ఎవరో ఒకరు వైరు పీకితే తప్ప ఆగదు."

కార్యదర్శి గారు మాత్రం ఒక్కటే చెప్పారు. "రేపు మళ్ళీ కూతొస్తే తెర దింపేస్తాను. మీ బదులు నేనే పాడతాను."

ఆయన పాట ఒక్కసారి విన్నా, నా భుజాల మీద ఎంత బాధ్యత పడిందో మీకు అర్థమవుతుంది.

"పొట్టలో కొంచెం గుడ్డ కుక్కు బావా, కూత తగ్గుతుంది," అన్నాడు బావమరిది. అందులో 'కొంచెం' అన్న మాట నా బుర్రకెక్కలేదు. గిటారు కంతలోంచి గరిట కాడతో మేజోళ్ళు కుక్కాను. రెండు బనియన్లు కుక్కాను. ఇంకా చోటు మిగిలింది. అల్మారాలో మా ఆవిడ కొత్త శాలువా మెత్తగా కనిపించింది.

మర్నాడు సాయంత్రం బయల్దేరుతుంటే అడగనే అడిగింది.

"ఏమండీ, నా శాలువా ఏదీ?"

"ఈ ఎండల్లో శాలువా ఏమిటే?"

"హాల్లో ఏసీ కదా."

"నా గిటారు వింటే చలి పుట్టదులే."

"అవును, ఒళ్ళు మండుతుంది. కానీ మీ వంతు వచ్చేదాకా ఆగాలిగా!"

స్టేజి ఎక్కాను. నా సంగీతం నాకూ వినిపించాలి కదా అని, రిహార్సల్లో లాగే కాళ్ళ దగ్గర ఓ స్పీకరు నావైపు తిప్పి పెట్టించుకున్నాను. వాయించాను. కూత రాలేదు. పాటా రాలేదు. పరుపు దులుపుతున్నట్టు 'టప్ టప్' అంది. నేనింకా శ్రుతి చేసుకుంటున్నాననుకుని జనం మర్యాదగా ఎదురుచూశారు.

పెంచమని బావమరిదికి సైగ చేశాను. పెంచాడు. 'కుయ్‌ఁ!'

తెర కదిలింది. తెర వెనక కార్యదర్శి గారు గొంతు సవరించుకోవడం వినిపించింది. హాలంతా వణికింది.

అప్పుడు మా ఆవిడ స్టేజెక్కింది. నన్ను కాపాడ్డానికనుకున్నాను. కంతలోంచి శాలువా కుచ్చు తొంగిచూస్తోందట!

"ఇది నాదే," అంది. మైకులో.

పట్టుకు లాగింది. శాలువా వచ్చింది. దాని వెనకే బనియన్లు, బనియన్ల వెనక మేజోళ్ళు. మేజిక్కనుకుని జనం చప్పట్లు కొట్టారు. "ఇంకోటి తియ్యండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఒరేయ్, ఈయన కాళ్ళ దగ్గర ఆ స్పీకరెందుకురా?" అంది తమ్ముడితో.

"బావ వినడానికక్కా."

"తీసెయ్."

"అయ్యో, నాది నేను వినొద్దా?" అన్నాను.

"ఇన్నాళ్ళూ నేను విన్లేదూ? ఈ ఒక్కరోజు మానండి."

తీసేశాడు. మీటాను. కూత మాయం! రేకు గిటారు హాలంతా ఖంగుమంది. జనం హుషారెక్కి చివరిదాకా తాళం వేశారు. ఆ హోరులో నేనేం వాయించానో నాకు ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు.

ఎలా ఉందని దారిలో పళ్ళ డాక్టరు గారిని అడిగాను. "ఆ శాలువా రావడం ఉంది చూశారూ, అద్భుతం!" అన్నారు. కార్యదర్శి గారు ఇంకా గొంతు సవరించుకుంటూనే ఉన్నారు.

ఇంటికొచ్చి మా ఆవిణ్ణడిగాను. "ఎలా వాయించానే?"

"మొత్తం విన్నాను," అంది తీరిగ్గా. "చెప్తాను, తొందరేముంది? ముందు ఆ అటక దులపండి."

నిన్న అటక దులిపాను. పల్లవి బాగుందట.

ఇవాళ ఫ్యాన్లు తుడుస్తున్నాను. ఇంకా చరణాలున్నాయి.