అంతా నార్మలేనంట

ఆ ఉదయం ఇర్ఫానా అనుకున్నది ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్న, గర్భం లేని ఎలుకల గర్భసంచి ముక్కలకు రంగు పట్టించి, కణాన్ని కణానికి అతికించి ఉంచే ప్రొటీన్ ఎక్కడెక్కడ ఉందో ఫొటోలు తీసి, మధ్యాహ్నంలోగా గైడుకు ఇవ్వాలి. రెండు నెలలుగా ఆ ఫొటోల కోసమే ఆమె పరిశోధనా పత్రం ఆగిపోయి ఉంది. ఫోను బయట బల్లమీద పెట్టి ల్యాబు లోపలి గదిలోకి వెళ్లింది.

ఫోను మోగింది. ఎలుకల బోనులు కడిగే పెంచలయ్య మర్యాదగా ఎత్తాడు. అవతల కొడవలూరు నుంచి ఇర్ఫానా అత్తగారు ఆమినాబీ.

"మేడమ్ గర్భసంచి పరీక్షలో ఉండారమ్మా. భయం లేదు, అంతా నార్మలేనంట."

కొడుకు పెళ్లయినప్పటినుంచి నాలుగేళ్లుగా మనవడి కోసం ఎదురుచూస్తున్న ఆమినాబీకి ఆ ముక్క చాలు.

గంటన్నరకు ఇర్ఫానా బయటికి వచ్చేసరికి పదిహేడు మిస్డ్ కాల్స్. పద్దెనిమిదోది భర్త షఫీది.

"నాకు చెప్పకుండా ముందు మా అమ్మకు చెప్తావా?"

"ఏం చెప్పినా?"

"కడుపని! మా చిన్నమ్మోళ్లు అప్పుడే పేర్లు కూడా వెతకతా ఉండారు."

ఇర్ఫానాకు ఒళ్లు మండిపోయింది. "పెంచలయ్యన్నా! నా ఫోను నిన్నెవరు ఎత్తమన్నారు?"

"అబద్ధమేం చెప్పలేదు గదా మేడమ్? గర్భసంచే గదా?"

"నాది కాదు, ఎలుకది!"

అప్పుడే ఆటో దిగిన ఆమినాబీ గుమ్మంలో నిలబడి ఉంది. "అరవబాక తల్లీ. ఈ టైంలో అరవకూడదు."

"ఏ టైమూ లేదు అత్తమ్మా! నెలనెలా ఇంట్లో అడిగేది చాలకనా, ఇక్కడిదాకా వచ్చినారు?"

ఆమినాబీ ముఖం పాలిపోయింది. ఇర్ఫానాకు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది గానీ, కోపం దిగలేదు. విసురుగా వెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. కణాల అంచుల వెంట గీత గీసినట్టు ఉండాల్సిన గోధుమరంగు చెదిరిపోయి, కొన్నిచోట్ల మాయమైంది. అది గర్భం లేని ఎలుక గర్భసంచి కాదు.

"అన్నా, ఈ ఎలుకల బోనులో ఏం జరిగింది? నిజం చెప్పు."

పెంచలయ్య తల గోక్కున్నాడు. "పోయిన నెల్లో కడిగేటప్పుడు మగదాన్ని వీటితో పెట్టినా మేడమ్. ఒక్క రాత్రే. మిగిలిన ఆడది ఇందాకే ఎనిమిది పిల్లల్ని పెట్టింది."

రెండు నెలల పని మట్టిలో కలిసిపోయింది. ఇర్ఫానా మైక్రోస్కోపు లైటు ఆపేసింది.

"తల్లీపిల్లలు బాగుండారా?" అని ఆమినాబీ పెంచలయ్యను అడిగింది.