బియ్యమెందుకు, లైమా చిక్కుడుండగా!

అన్నం తినేవాళ్ళు అనాగరికులని నేనంటే మీకు కోపం రావచ్చు. రానివ్వండి! ఆ కోపం కూడా అన్నం తినడం వల్ల వచ్చిందే. నాలాగా రెండు పూటలా లైమా చిక్కుడు తినే మనిషికి కోపం రాదు. కోప్పడే ఓపికే ఉండదు.

లైమా చిక్కుడంటే మీరు రోజూ తినే చిక్కుడనుకునేరు. కాదు. ఇది సముద్రాలు దాటి వచ్చిన దొరల చిక్కుడు. యుద్ధం పుణ్యమా అని రంగూన్ బియ్యం ఆగిపోయింది కదా! ఆ లోటు తీర్చడానికి సర్కారువారు "ఎక్కువ పండించండి" అని గోడలనిండా కాగితాలు అంటించారు. మా అనకాపల్లికి ఒక ఆహార ఆఫీసరు గారిని పంపించారు. ఆయన వెనకాలే ఒక బస్తా లైమా విత్తనాలు పంపించారు. ఆ బస్తాలో బియ్యమే పోసి పంపితే పోయేది కదా అని అడిగేవాళ్ళు దేశద్రోహులు.

నేను అలాంటివాణ్ణి కాదు. స్కూల్లో డ్రాయింగు చెప్పుకుని బతికేవాణ్ణి. కాకపోతే నాకొక చిన్న అవసరం వచ్చిపడింది. మా అమ్మాయి మరిడమ్మ పురిటికి వచ్చింది. తొలికాన్పు. బాలింతకి పాత బియ్యం అన్నంతోనే పథ్యం పెట్టాలని మా ఆవిడ సీతాలమ్మ పట్టుబట్టి కూర్చుంది. పుట్టింటివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్న తవ్వెడు పాత బియ్యం కుండలో పోసి మూతికి గుడ్డ కట్టింది. అవెన్ని రోజులకొస్తాయి? రేషన్లో ఇచ్చేది చూద్దామా, రాళ్ళు ఏరేశాక బియ్యం మిగలవు.

అందుకని ఆఫీసరు త్రినాధరావు గారి దగ్గరికి వెళ్ళి, పథ్యానికి కాసిని మంచి బియ్యం అదనంగా ఇప్పించండి బాబూ అని అడిగాను.

"దానికేం మాస్టారూ! ముందు మీ పెరట్లో లైమా బీన్సు వెయ్యండి. తోట చూసి, నేనే సిఫార్సు చేస్తాను" అన్నారాయన.

ఇంకేం కావాలి! ఇంటికొచ్చి ఆనపపాదు పీకేశాను. బీరపాదు పీకేశాను. బట్టలారేసుకునే తాడు విప్పి పందిరికి బిగించాను.

"కాసేదాన్ని పీకేసి, ఏటి కాత్తాదో తెలీనిదాన్ని ఏత్తారేటండీ?" అంది సీతాలమ్మ.

ఆడవాళ్ళకి ప్లానింగు తెలీదు పాపం.

ఇక ఆ తీగ చూపించిన చొరవ ఏమని చెప్పను! పందిరి ఎక్కింది, చాల్లేదు. గోడ ఎక్కింది, చాల్లేదు. వంటింటి కిటికీ మూసేసింది. ప్రహరీ దాటి, పక్కింటి దర్జీ నాగూర్ మీరా పెంకుల మీద కాపురం పెట్టేసింది.

"బావా, నీ సిక్కుడు నా పెంకులు లేపేత్తన్నాది! వానొత్తే నా మిషనెక్కడెట్టుకోమంటావు?" అని గోడమీంచి కేకేశాడు మీరా.

"ఓరి పిచ్చి బావా! ఇశాపట్నంలో బాంబులు పడ్డాయా లేదా? జపానోడి ఇమానం పైనుంచి సూత్తే మన రెండిళ్ళూ అవుపడతాయేటి? అడివనుకుని ఎలిపోతాది!" అన్నాను.

మీరా ఒకసారి ఆకాశంకేసి, ఒకసారి పెంకులకేసి చూశాడు. "జపానోడొత్తాడో రాడో గానీ వానొత్తాది బావా" అన్నాడు. దర్జీ కదా, కొలతకి అందేదే నమ్ముతాడు.

కాపు కూడా బ్రహ్మాండంగా వచ్చింది. చిక్కుడంటే కాయ తినడమే కదా మనకి తెలిసింది! సీతాలమ్మ ఈనెలు తీసి, ముక్కలు తుంచి, అనకాపల్లి మనిషి కాబట్టి ఇంత బెల్లం ముక్క కూడా పడేసి వండింది. అందరం నమిలాం. ఎంత నమిలినా నోట్లోది నోట్లోనే ఉంది. ఆఖరికి చెరకు పిప్పి ఉమ్మేసినట్టు ఉమ్మేశాం. అయ్యా, మింగే పనే లేని కూర మీరెక్కడైనా చూశారా? కరువు రోజుల్లో ఇంతకన్నా పొదుపు ఏముంటుంది!

ఆ తర్వాత ఆఫీసరు గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. తొక్క తినకూడదట. గింజే తినాలట. అదీ పచ్చిది తింటే విషమట. బాగా ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి మరీ తినాలట. ఇవన్నీ ముందే చెప్పడం ఆయన మరిచిపోయారు. పెద్ద పెద్ద పనుల్లో ఉన్నవాళ్ళకి చిన్న విషాలు గుర్తుంటాయా?

ఆ గింజ ఉడకాలంటే మోపు కట్టెలు బూడిద కావాలి. ఉడికిందా, లేదా అని ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరి ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. యుద్ధానికి ముందు మా ఇంట్లో ఇంత ఐకమత్యం ఉండేది కాదు!

ఇక చుట్టాల సంగతి. పాయకరావుపేట నుంచి మా పెదమామగారు వస్తే పక్షం దాకా కదిలేవారు కాదు. ఈసారి రెండు పూటలు లైమా గుగ్గిళ్ళు పెట్టామో లేదో, పొట్ట పట్టుకుని, "కోర్టు పనుంది అల్లుడూ" అంటూ సాయంత్రం, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు ఎక్కేశారు. ఆయనకి కోర్టులో పనుందని నేనెప్పుడూ వినలేదు.

పోయిన వారం ఆఫీసరు గారు స్వయంగా తోట చూడ్డానికి దయచేశారు. భోజనం వేళకి వచ్చిన ఆఫీసర్ని ఊరికే పంపుతామా? ఆకు వేశాం. సీతాలమ్మ లైమా కూర, లైమా పులుసు, లైమా వేపుడు వడ్డించింది. ఆయన ఆకుకేసి చూసి చిన్నగా నవ్వారు.

"ఇవి నాకు పడవండీ. ఒకటే వాతం! డాక్టరు ముట్టుకోవద్దన్నాడు. కాస్త అన్నం, పెరుగు ఉంటే చాలు" అన్నారు.

ఇంట్లో ఉన్న బియ్యమల్లా ఆ కుండలోవే. రేషన్ బియ్యం అయిపోయి నాలుగు రోజులైంది. సీతాలమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "అవి దాని పథ్యానికండీ" అంది. మరిడమ్మ తలుపు వారన పీట మీద కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని మా ఇద్దరికేసీ చూస్తోంది.

"ఆయన సంతకం పెడితే ఇంతకి పదింతలొత్తాయే. వండేయ్" అన్నాను.

వండింది. ఆయన మారు అడిగి మరీ తిన్నారు. "ఎంత తేలిగ్గా ఉందండీ అన్నం!" అని మెచ్చుకున్నారు. చెయ్యి కడుక్కుని పెరట్లోకి వచ్చారు. పందిరి చూసి పొంగిపోయారు. పైవాళ్ళకి చూపించడానికి గంపెడు కాయలు కోయించుకున్నారు. నా భుజం తట్టారు.

"భేష్ మాస్టారూ! ఇంత పంట ఉన్న ఇంటికి అదనంగా బియ్యమెందుకండీ? లేనివాళ్ళకి ఇవ్వాలి గానీ!" అన్నారు. వెళ్ళిపోయారు.

సీతాలమ్మ ఆ ఆకు తీస్తూ ఏడ్చింది. "దాని కూడు మన సేత్తోనే వడ్డించేసేమండీ" అంది. నాకు సిగ్గేసింది.

అయినా పాఠక మహాశయులారా, బియ్యమెందుకు, లైమా చిక్కుడుండగా అన్న నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. నమ్మకపోతే మా పెరటికి రండి. గంపలు తెచ్చుకోండి, బళ్ళు కట్టుకురండి, కోసినంత కోసుకోండి. వేళ్ళతో సహా పీక్కుపోయినా మీరా, నేనూ ఇద్దరం మీకు దణ్ణం పెడతాం. పైసా ఇవ్వక్కర్లేదు. వచ్చేటప్పుడు మాత్రం, ఎవరి కంటా పడకుండా, కండువా చెంగున గుప్పెడు పాత బియ్యం ముడి వేసుకురండి.

కాస్త తొందరగా రండి బాబూ. మా అమ్మాయికి పొద్దుట నుంచి నొప్పులు వస్తున్నాయి.