తదుపరి ఉత్తర్వు వచ్చేవరకు ఎండ

ఇందుమూలముగా పులావ్ అంగిన్ ద్వీపమందలి సమస్త కూలీజనమునకు తెలియజేయడమేమనగా, ఇకమీదట వాన గానీ ఎండ గానీ ఎవరికి తోచినట్టు వారు చూసుకొనుటకు వీలులేదు. వాతావరణం కచేరీ నుంచి వచ్చును. అది బోర్డు మీద రాయబడును. బోర్డు మీద ఏది ఉంటే ఆకాశంలోనూ అదే ఉన్నట్టు ఎంచి అందరూ నడుచుకోవలెను.

ఈ ప్రకటన చదివినవాడు తోట కిరాణీ, అంటే లెక్కలు రాసే గుమాస్తా, సాలమన్. దాన్ని తెల్లారి హాజరు వేళ మన తెలుగులో గొంతు చించుకుని అరిచి చెప్పినవాడు కూర్మయ్య కంగాణి. కంగాణి అంటే కూలీల మీద పెద్ద. విశాఖపట్నం జిల్లా నుంచి జనాన్ని ఓడలో తెచ్చి, మలాయా తోటలో దించి, వాళ్ల చేత చెట్లు గీయించి, కొబ్బరికాయలు దింపించేవాడు. పాత దొర ఊరికి పోతూ పోతూ ఇతనికొక నల్లకోటు ఇచ్చాడు. ఆ కోటు తొడుక్కున్నది మొదలు కూర్మయ్యకి సర్కారు కాయితం అంటే వల్లమాలిన భక్తి. చదువు రాదు గానీ, కాయితం కనిపిస్తే చాలు, చెప్పులు విడిచేవాడు.

అంతకుముందు ఈ ద్వీపంలో వాతావరణం ఎంత మోటుగా ఉండేదో చెబితే మీరు నమ్మరు. పొద్దున్నే కూర్మయ్య గుమ్మంలోకి వచ్చి మొహం పైకెత్తేవాడు. మబ్బుంటే కొండ మీద రబ్బరు చెట్లు గీయడం మానిపించేవాడు, తడి బెరడు గీస్తే పాలు పాడవుతాయి గనక. లేకపోతే గీయించేవాడు. ఒక్క కాయితమైనా లేకుండా, ఒక్క సంతకమైనా లేకుండా ఇన్నేళ్లూ వాన కురిసిపోయిందంటే కొత్తగా వచ్చిన దొరకి తల కొట్టేసినట్టయింది. ఆయన పట్టుబట్టి పట్నంలోని కచేరీవారి చేత మర్నాటి వాతావరణ సూచన ఏర్పాటు చేయించాడు. తీరానికి వేరు, కొండకి వేరు. కచేరీ నుంచి అది తంతి మీద అవతలి ఒడ్డు రేవుకి వస్తుంది. రేవు నుంచి పడవ మీద ద్వీపానికి వస్తుంది. వచ్చేసరికి రేపటి వాతావరణం కాస్తా నిన్నటిదయ్యేది.

ఈ చిక్కుకి దొర చిటికెలో పరిష్కారం చూపాడు. సూచన చేరిన రోజే అది అమల్లోకి వస్తుంది. కొత్త సూచన వచ్చేదాకా పాత వాతావరణమే అమల్లో ఉంటుంది. ఇంతకన్నా చక్కని పద్ధతి ఇంకోటి ఉందేమో మీరే చెప్పండి. సముద్రం బాగుంటేనే పడవ వస్తుందనీ, గాలివాన హెచ్చరిక గాలివానలో రాలేదనీ ఎవరో గొణిగారు. గొణిగినవాళ్లని ఎవరూ అడగలేదు గనక ఆ మాట లెక్కలోకి రాలేదు.

మొదటి నెల పద్ధతి దివ్యంగా నడిచింది. బోర్డు మీద 'కొండ: నిర్మలం' అని ఉన్న రోజున కుండపోతగా కురిస్తే, జనం ఆ నిర్మలంలోనే తడిసి ముద్దయి చెట్లు గీశారు. చిప్పల్లో పాలకన్నా నీళ్లే ఎక్కువ పడ్డాయి. కూలీలు పాలల్లో నీళ్లు కలుపుతున్నారని దొర మండిపడ్డాడు. ఎండలో నీళ్లెక్కణ్ణించి వస్తాయి మరి! ఇంకో రోజు బోర్డు మీద 'తీరం: భారీ వర్షం' అని ఉండగా ఫెళ్లుమని ఎండ కాసింది. పని లేదు, కూలి లేదు. ఆ పూట నూకమ్మ అనే ఆవిడ బట్టలుతికి తాడు మీద ఆరేసింది. కూర్మయ్య పరిగెత్తుకుని వెళ్లి లబలబలాడాడు.

"ఏటే నూకమ్మా, బుద్దుందేటే నీకు? వాన్లో బట్టలారేత్తావా? దొర సూత్తే ఏటౌద్ది?"

"ఎండగున్నాది గదా, కంగాణీగారూ."

"ఎండని నువ్వు సెప్తే సరా? లోపల ఎట్టు, ఎట్టు!"

నూకమ్మ బట్టలు లోపల పెట్టుకుంది. అవి లోపలే కంపు కొట్టాయి. క్రమశిక్షణ అంటే కొంచెం కంపు తప్పదని కూర్మయ్య అభిప్రాయం.

కూర్మయ్య తల్లి దేవుడమ్మ ఈ సంగతంతా కొన్నాళ్లు తేరిపార చూసి, ఒక నిశ్చయానికి వచ్చింది. వానా ఎండా బోర్డులోంచి వస్తున్నాయంటే బోర్డులో ఎవరో ఉన్నట్టే. ఉన్నది మరిడమ్మ తల్లే అయ్యుండాలి, సముద్రం దాటి మనకోసం వచ్చుండాలి. ఆవిడ బోర్డుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపకొమ్మలు కట్టి, ఒక కోడిపుంజుని సమర్పించింది. మర్నాడు ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. పెళ్లివారు ఎండకి మొక్కారు, ఒళ్లు నొప్పులవారు వానకి మొక్కారు. కోళ్లన్నీ సాలమన్ వంటింట్లోకి చేరాయి. విగ్రహాలకు పెట్టింది తినకూడదని పాదిరిగారు చెప్పిన మాట అతనికి గుర్తుంది. అయితే ఇది విగ్రహం కాదు, కచేరీవారి బోర్డు. కాబట్టి పులుసు పెట్టుకుని తిన్నాడు. రెండు మతాలకూ, సర్కారుకీ ఎక్కడా తగువు రాకుండా కార్యం సానుకూలమైంది.

ఇలా ఉండగా ఈశాన్యపు గాలులు మొదలయ్యాయి. కూలీల ఇళ్లు సముద్రం పక్క పల్లంలో వరసగా ఉంటాయి. ఇళ్లకీ సముద్రానికీ నడుమ ఒక మట్టిగట్టు. ఆ గట్టుంటే నలభై కాపురాలున్నట్టు, లేకపోతే లేనట్టు. అంతే సంగతి. ఏటా గాలులు రాగానే జనాన్ని కొండపని మానిపించి గట్టు మీదికి తోలడం, కొబ్బరి మట్టలూ మట్టీ వేసి బిగించడం కూర్మయ్యకి అలవాటు. ఈ ఏడు అలవాట్లు రద్దయ్యాయి. చివరిసారి పడవ వచ్చినప్పుడు తెచ్చిన సూచన బోర్డు మీద పసుపు మరకల మధ్య నిక్షేపంలా ఉంది: 'తీరం: ప్రశాంతం. కొండ: నిర్మలం. దక్షిణపు పిల్లగాలి.'

ఆ పిల్లగాలికి పశువుల కొట్టం కప్పు లేచిపోయింది. కొబ్బరిచెట్లు నేలకి వంగి లేస్తున్నాయి. అప్పడు అనే కూలివాడు నిలువెల్లా బురదతో వచ్చి కంగాణి ముందు నిలబడ్డాడు.

"కంగాణీగారూ, గట్టు కారతన్నాది. రేత్రికి ఆగదు. మనుసుల్ని ఇటు తోలండి."

కూర్మయ్య గట్టు వైపు చూశాడు. గట్టు వెనక మొదటి ఇల్లు తనదే. తల్లి, పెళ్లాం, పిల్లలు అందులోనే ఉన్నారు. కానీ హాజరు ప్రకారం జనమంతా నిర్మలమైన కొండ మీద చెట్లు గీస్తున్నారు. దొర మాట లేకుండా వాళ్లని దింపడమెలా? బయల్దేరబోతూ గొడుగు తీశాడు, మళ్లీ జంకాడు. ప్రశాంతమైన రోజున వానకి గొడుగేస్తే ఉత్తర్వుని వెక్కిరించినట్టు కాదా? కాసేపు తడుస్తూ ఆలోచించాక, ఎండకి కూడా గొడుగు వేసుకోవచ్చని తట్టింది. ఎండకే వేస్తున్నట్టు మొహం పెట్టి, గొడుగు తెరిచి కొండెక్కాడు. సగం దారిలో గొడుగు ఎగిరిపోయింది.

బంగళాలో దొర తలుపులన్నీ బిగించుకుని, పట్టపగలు దీపం పెట్టుకుని కూచున్నాడు. కూర్మయ్య చెప్పిందంతా సాలమన్ చేత విన్నాడు. విని, లేచి నిలబడి, చెయ్యి వీపు వెనక పెట్టుకుని ప్రసంగించాడు. సాలమన్ దాన్ని ఇలా తెనిగించాడు:

"కూర్మయ్యా! నీ భయం సహజము. అజ్ఞానము కూడా సహజమే. కచేరీవారికి యంత్రములున్నవి. నీకేమున్నది? రెండు కళ్లు. ఆ కళ్లు పుట్టినప్పటివి, యంత్రములు నిన్న మొన్నటివి. ఏవి మేలైనవో నువ్వే చెప్పు. కొత్త సూచన రానిమ్ము. అది గాలివాన అన్న మరుక్షణం గట్టు మీదికి నేనే స్వయముగా వత్తును."

"సిత్తం దొరగారూ. మరైతే పడవ పంపి ఆ సూచనేదో తెప్పించండి," అన్నాడు కూర్మయ్య.

ఇది దొరకి సబబుగా తోచింది. పడవ నడిపే మలాయ్ ముసలాయన్ని పిలిపించారు. ఆయన కిటికీలోంచి సముద్రం వైపు ఒకసారి చూసి, "తా బోలే లా" అన్నాడు. కుదరదని అర్థం. గాలివాన ఉంది కాబట్టి పడవ పోదు, పడవ పోదు కాబట్టి గాలివాన లేదు. దొర చేతులు దులుపుకున్నాడు. కూర్మయ్య దండం పెట్టి కొండ దిగాడు.

కింద దేవుడమ్మ మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఎదురుచూస్తోంది.

"ఏటన్నాడ్రా?"

"కాయితం రావాలన్నాడమ్మా."

"కాయితం నీటికడ్డమెడతాదేట్రా? ఒరే కూర్మీ, నీ గొంతింటే నూరుమంది పరిగెట్టుకొత్తారు. ఒక్క కేకెయ్యి. నీకు దణ్ణమెడతాను, ఒక్క కేకెయ్యరా బాబూ."

కూర్మయ్య నోరు తెరిచాడు. తెరిచి, కోటు వైపు చూసుకున్నాడు. ఉత్తర్వు మీరిన కంగాణికి కోటు ఉండదు, పెత్తనం ఉండదు, రేపు హాజరులో అప్పడి పక్కన నిలబడాలి. నోరు మూసుకున్నాడు. ఏం చెప్పమంటారు, వాడికి ఏడుపొచ్చింది. ఏడవడాన్ని నిషేధించే ఉత్తర్వు లేదు గనక ఏడిచాడు.

సాయంత్రానికి గట్టు తెగింది. అప్పుడే పని దిగి వచ్చిన జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని మళ్లీ కొండ మీదికి పరిగెత్తారు. ప్రాణాలు దక్కాయి. కుండలు, బియ్యం, మేకలు, బోర్డుకి మొక్కుకున్న కోళ్లు అన్నీ ప్రశాంతమైన సముద్రంలోకి కొట్టుకుపోయాయి. పొగపెట్టి రబ్బరు రేకులు ఆరబెట్టే కొట్టంలో నలభై కుటుంబాలూ ఇరుక్కుని, గాలివాన తగ్గేదాకా రేకులతో పాటు పొగపట్టి బయటికొచ్చాయి.

సముద్రం చల్లబడ్డాక పడవ వచ్చింది. ఆగిపోయిన సూచనలన్నీ ఒక్క కట్టగా తెచ్చింది. కచేరీవారిని మెచ్చుకోవాలి, ఒక్కటంటే ఒక్కటీ తప్పు చెప్పలేదు. 'తీరం: తీవ్రమైన గాలివాన, గట్లు భద్రము చేసుకోవలెను' అని ముందే చెప్పారు పాపం. దొర సంతోషానికి మేర లేదు. ఆ సూచనల్ని వరసగా రోజుకొకటి చొప్పున అమలు చేయమన్నాడు. అందుచేత కళ్లు జిగేలుమనే ఎండలో ద్వీపానికి తీవ్రమైన గాలివాన పట్టుకుంది. పని లేదు, కూలి లేదు. ఊరికే కూచోలేక జనం తెగిన గట్టు మళ్లీ కట్టుకున్నారు. ఈసారి కూర్మయ్య కూడా కోటు విప్పి మట్టి మోశాడు. ముందుకన్నా ఎత్తుగా, గట్టిగా లేచింది గట్టు. దేవుడమ్మ దాని మీద కూచుని, చాన్నాళ్లకి కొడుకుని తిట్టకుండా ఒక పూట గడిపింది.

ఇంతలో నష్టం చూసి సాయం మంజూరు చేయడానికి ఒక సర్కారు దొర వస్తున్నాడని కబురు తెలిసింది. ఇక్కడొక ధర్మసందేహం వచ్చింది. ఇళ్లు మునిగినది బోర్డు ప్రకారం ప్రశాంతమైన రోజున. ప్రశాంతంలో మునిగినవాళ్లకి సాయం ఎవరిస్తారు? గాలివాన ఇప్పుడుంది. కాబట్టి మునగాల్సింది ఇప్పుడు. దొర ఆలోచించి, సర్కారు దొర వచ్చేసరికి ఇళ్లన్నీ నీళ్లలో ఉండాలని కూర్మయ్యకి హుకుం జారీ చేశాడు.

ఆనాడు రాని కేక ఈనాడు వచ్చింది. కంగాణి గొంతుకి నూరుమందీ బిందెలు, బకెట్లు పట్టుకుని వరస కట్టారు. అప్పుడప్పుడే ఆరిన ఇళ్లలోకి సముద్రాన్ని చేతుల మీదుగా తెచ్చి పోశారు. దేవుడమ్మ తన పొయ్యిలో తనే బిందెడు నీళ్లు కుమ్మరించింది.

"ఓలమ్మో, ఒకపాలి సముద్రం ముంచినాది, ఇంకోపాలి నా కొడుకు ముంచినాడు," అంది.

సర్కారు దొర వానకోటు తొడుక్కుని దిగాడు. ఎండకి ఆయన మొహం కందిపోయింది గానీ కోటు బొత్తాం ఒక్కటీ విప్పలేదు, ఎంత నియమం! జనం చెప్పిన ప్రకారం వణికారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి నీళ్లలో కర్ర ముంచి లోతు చూశాడు. గట్టెక్కి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. తర్వాత ఒక పీపా మీదికెక్కి ప్రసంగించాడు. సాలమన్ తెనిగించాడు:

"ప్రియమైన కూలీలారా! మీ కష్టము కళ్లారా చూచితిని. కప్పులకు ఆకు, మనిషికింత బియ్యము మంజూరు. ఇక గట్టు సంగతి. గట్టు చెక్కుచెదరలేదు. అయినను ఇళ్లు మునిగినవి. దీనివల్ల తేలినదేమి? మునుగుటకును గట్టుకును ఏమియు సంబంధము లేదు! ఇన్నేళ్లు ఈ మట్టి మీద మీ శ్రమ వృథా అయినది. ఇక కానివ్వను. గట్టు తీసివేయుదురు గాక. ఆ మట్టితో కొండ మీద టెన్నిసు ఆటస్థలము చదును చేయుదురు గాక."

జనం కూర్మయ్య వైపు చూశారు. దొర కూడా కూర్మయ్య వైపు చూశాడు. కూర్మయ్య కోటు సర్దుకుని చప్పట్లు కొట్టాడు. వెంటనే అందరూ కొట్టారు.

ఇంటికొచ్చాక దేవుడమ్మ తడి పొయ్యి ముందు కూచుని అడిగింది.

"ఒరే, సప్పట్లు ముందు నువ్వే కొట్టినావేట్రా?"

"దొర ఆపీసినాడమ్మా. ఎవులో ఒకలు మొదలెట్టాల గదా."

"నాను కూడా కొట్టీసినాన్రా," అంది దేవుడమ్మ, తన చేతుల వంక చూసుకుంటూ.

మర్నాడు బోర్డు మీద 'ప్రశాంతం' అని ఉంది. తవ్వకం మొదలైంది. పార పట్టనివాడు లేడు, తట్ట ఎత్తనిది లేదు. హాజరు ఒక్కరూ ఎగ్గొట్టలేదు. సొంత గట్టు తవ్వుకునే పనిలో మనవాళ్లంత చురుకైన జనాన్ని ఏ దేశంలోనూ చూడలేదని ఆ ఇద్దరు దొరలూ తర్వాత చాలాచోట్ల చెప్పారట. మన గురించి దొరలు అంత మంచి మాట అన్నారని విని, ఇక్కడ చాలామంది పొంగిపోయారు.