ల్యాప్‌టాప్‌లో పడిన నీళ్ళు

ఆదివారం పొద్దున నేత్రావతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ల్యాప్‌టాప్ తెరవాలి. తమ పొలాల కింద నేల ఎలా ఉందో చూపించే బొమ్మ తయారుచేయాలి. సాయంత్రంలోగా కేజీఎఫ్ కాలేజీలో పాఠం చెప్పే అలమేలు మేడమ్‌కు పంపి తలంటి పోసుకోవాలి. ఎవరితోనూ మాట్లాడే పని లేదు కనుక ఆ పథకం ఆమెకు ఎంతో నచ్చింది.

మాట్లాడటమంటే నేత్రావతికి భయం. బస్సులో "ఆపండి" అనలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచివచ్చే రకం. అలాంటి పిల్ల భూగర్భశాస్త్రం ఎందుకు చదువుతోందంటే, రాళ్ళు ఎదురు ప్రశ్నలు వేయవని.

సెలవుల్లో ఆమె తమ పొలంలోనూ పక్క పొలంలోనూ ఇనుప కడ్డీలు పాతి, నేలలోకి కరెంటు పంపి కొలతలు తీసింది. తేమ ఉన్న చోట కరెంటు సులువుగా పోతుంది, ఎండు బండలో పోదు. ఆ కొలతలను సాఫ్ట్‌వేర్‌లో పోస్తే నేల కింది భాగమంతా ఒక దిమ్మెలా తెరమీదికి వస్తుంది. తడి ఉన్నచోట నీలం, బండ ఉన్నచోట గోధుమరంగు. మౌస్‌తో దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పి చూడవచ్చు.

ఆ రోజు మాత్రం తెరమీద దిమ్మె లేదు, నల్లటి చీకటి ఉంది. మాలూరు ఫ్యాక్టరీలో పనిచేసే మామ కొడుకు మోహన్‌కుమార్ వాడి వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ అది. ఫోనులో వెతికితే అందరూ చెప్పిన వైద్యం ఒకటే, గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసుకోమని. బొమ్మలు గీసే చిప్పుకూ మిగతా కంప్యూటర్‌కూ మధ్య దుబాసీలా పనిచేసే ప్రోగ్రామది. నేత్రావతి కొత్తది వేసింది. ఈసారి బొమ్మ వచ్చింది, కానీ వాళ్ళ పొలం వైపంతా ఒకటే నీలం. వాళ్ళ పొలం కింద చిన్న సముద్రం ఉన్నట్టుంది.

నేత్రావతికి నవ్వొచ్చింది. బాణం గుర్తును ఆ నీలం మీద పెట్టి చూస్తే అంకెలు ఎండు బండనే చూపిస్తున్నాయి. అంటే కొలతలు సరిగ్గానే ఉన్నాయి, దుబాసీ తప్పు చెబుతున్నాడు. కొత్త డ్రైవర్ ఈ పాత చిప్పుకు పడలేదు. దీనికి విరుగుడు ఏమిటా అని ఆమె ఫోనులో చదువుతుండగా, వాళ్ళ అవ్వ తాయమ్మ రాగి అంబలి గ్లాసుతో వచ్చింది.

"ఏంది మే ఇది?"

"మన పొలం అవ్వా. నేల కింద."

"ఈ నీలమేంది?"

"నీలమంటే నీళ్ళు. కానీ ఇది..."

"కానీ" అన్న మాట వినడానికి తాయమ్మ అక్కడ లేదు. అంబలి గ్లాసు గడపమీద ఉంది, ఆమె వీధిలో ఉంది.

నేత్రావతి తండ్రి దొడ్డమునియప్ప దుమ్ము కాళ్ళతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆయన పొలంలో ఇంతకు ముందు వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కి ఊరుకున్నాయి. కూతురి ల్యాప్‌టాప్‌లో నీళ్ళు పడ్డాయని వినగానే ఆయన కళ్ళు తడిశాయి. ఆయన వెనక పక్కింటి హనుమక్క, ఆమె వెనక పక్క పొలం బచ్చప్ప.

బచ్చప్ప సామాన్యుడు కాడు. కేజీఎఫ్ బంగారు గనులు మూతపడేదాకా భూమి లోపల, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన మనిషి. గనులు మూసి ఇన్నేళ్ళయినా, ఊళ్ళో నేల కింది సంగతి ఏదైనా ఆయనదే ఆఖరి మాట. ఆయన అద్దాలు పెట్టుకుని తెరకు ముక్కు ఆనించి చూశాడు.

"అన్నా, ఇది ప్లాను. మైన్స్‌లో మాకు ఇట్లా రంగులేసిన ప్లానే ఇస్తా ఉండ్రి. రంగు యాడుంటే ఆడ తవ్వల్ల. ఊరికే తర్కం చేయగూడదు. తర్కం చేసినోన్ని మరుసటి దినం పైకి పంపిస్తా ఉండ్రి."

"చిన్నాయనా, అది తప్పు బొమ్మ..." అంది నేత్రావతి. ఆ గొంతు కీబోర్డు దాకానే వెళ్ళింది.

దొడ్డమునియప్ప అప్పటికే బోరు లారీల ఏజెంటు తిమ్మప్పకు ఫోన్ చేస్తున్నాడు. "తిమ్మప్పా, టెంకాయ చేతిలో పెట్టుకొని పాయింటు చూసేది ఏమీ వద్దు. మా పాప కంప్యూటర్‌లో చూసేసింది. లారీ యాడుండాది?"

లారీ బేతమంగళంలోనే ఉంది. ఇప్పుడే వచ్చేస్తుంది. కానీ పొలంలోకి రావాలంటే దారికి అడ్డంగా ఉన్న మామిడి చెట్లు కొట్టేయాలి.

అవి తండ్రీ కూతుళ్ళు ట్యాంకరు నీళ్ళు చెంబులతో పోసి పెంచిన అంటు చెట్లు. ఈ ఏడే మొదటిసారి పూత పట్టాయి. దొడ్డమునియప్ప కూడా ఒకసారి అటు చూసి తల తిప్పుకున్నాడు. "నీళ్ళుంటే చెట్లు మల్లా పెట్టుకోవచ్చులే" అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా.

నోరు రాకపోతే చేత్తోనైనా చెప్పాలనుకుంది నేత్రావతి. బొమ్మను మెల్లగా తిప్పింది. తప్పు రంగు కనుక తిప్పినప్పుడల్లా అది పక్కకు జరుగుతుంది. అది చూస్తే అందరికీ అర్థమవుతుందని ఆమె ఆశ. నీలం దొడ్డమునియప్ప పొలం వదిలి, గట్టు దాటి, బచ్చప్ప పొలంలోకి జారింది. అందరికీ అర్థమైంది.

"పారతాండాయి! నీళ్ళు పారతాండాయే!" అని హనుమక్క చప్పట్లు కొట్టింది.

"మే, ఎందుకు తిప్పితివి? ఇట్లా తిప్పు!" అన్నాడు తండ్రి.

"తిప్పొద్దు!" బచ్చప్ప ల్యాప్‌టాప్ మూల పట్టుకున్నాడు. "నా పొలంలోకి వచ్చిండేవి నా నీళ్ళు. నేనేమన్నా పిలిస్తినా? వాటంతట అవే వచ్చినాయి."

"నా కూతురు తిప్పితే వచ్చినాయి!" దొడ్డమునియప్ప రెండో మూల పట్టుకున్నాడు.

"అయ్యో, వంచొద్దండప్పా, ఒలికిపోతాయి!" అని హనుమక్క అరిచింది. నిన్నటిదాకా ఒకే బీడీ పంచుకుని తాగిన ఇద్దరూ, ఒలికిపోతాయన్న భయంతో దాన్ని సమంగా పట్టుకుని, అంబలి గిన్నెలా జాగ్రత్తగా బల్లమీద దించారు.

సరిగ్గా ఆ సందులో నేత్రావతికి ఫోనులో విరుగుడు దొరికింది. ఆ చిప్పును పక్కన పెట్టి, కంప్యూటరే సొంతంగా బొమ్మ గీసేలా ఒక అమరిక మార్చాలి. నెమ్మదిగా గీస్తుంది కానీ నిజం గీస్తుంది. ఆమె మార్చింది. తెర ఒకసారి ఆరి వెలిగింది. ముక్క ముక్కగా బొమ్మ వచ్చింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా గోధుమరంగు.

పొద్దున్నుంచి ఆమె చేసిన పనుల్లో సరైనది అదొక్కటే. దానికే అందరూ ఆమెను దొంగను చూసినట్టు చూశారు.

"యాడికి పోయినాయి నీళ్ళు?" అన్నాడు బచ్చప్ప. తర్వాత మెల్లగా దొడ్డమునియప్ప వైపు తిరిగాడు. "తెలిసెలే అన్నా. ఇప్పుడు దాచిపెట్టి, మేమంతా ఇండ్లకు పోయినాక తీస్తారు."

"నా బిడ్డమీద ఆన, నాకు తెలీదప్పా! నేత్రా, ఏమి నొక్కితివో అదే మల్లా నొక్కు తల్లీ."

"నేను చూసినప్పుడు నిండుగా ఉండె" అంది తాయమ్మ. "మందిని పిలిస్తే దిష్టి తగలకుండా ఉంటాదా?" అంటూ లోపలికి పోయి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, ల్యాప్‌టాప్‌కు దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు జనమంతా దగ్గుతూ బయటపడ్డారు. బయటపడ్డవాళ్ళకు ఎదురుగా బోరు లారీ ఊరంతా అదిరేలా వచ్చి నిలబడింది.

తిమ్మప్ప కిందికి దూకాడు. "దారి చేయండప్పా, ఇంకో ఊర్లో కాచుకోనుండారు." నీళ్ళు తెరమీద మాయమైనా నేలలో ఎక్కడికి పోతాయన్నది బచ్చప్ప వాదన. పొద్దున చూసిన నీలం దొడ్డమునియప్ప కళ్ళలోంచి ఇంకా పోలేదు. ఆయన గొడ్డలి తీసుకుని మొదటి మామిడి చెట్టు దగ్గరికి నడిచాడు. గొడ్డలి పైకి లేచింది.

"నాయనా! ఆపు!"

ఇంత గొంతు ఎవరిదా అని అందరూ వెనక్కి తిరిగారు. నేత్రావతి కూడా తిరిగింది. వెనక ఎవరూ లేరు. అరిచింది తనే.

ఇక ఆగితే మళ్ళీ రాదని తెలిసి, ఆమె చంకలోని ల్యాప్‌టాప్‌ను లారీలోని పైపుల మీద పెట్టి, మార్చిన అమరికను వెనక్కి మార్చింది. పొలమంతా నీలమైంది. జనం "హమ్మయ్య" అన్నారు. వెంటనే ఆమె పొలం మూసేసి, నేర్చుకునేవాళ్ళ కోసం ఆ సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చే ఒక బొమ్మ తెరిచింది. అది ఆవు. కొమ్ముల నుంచి గిట్టల దాకా నీలం. మౌస్ కదిపితే ఆ నీలం ముదురుతూ లేతపడుతూ తోకలోంచి మెడలోకి, మెడలోంచి తోకలోకి పారింది.

"ఏంది మే ఇది?" అన్నాడు తండ్రి.

"ఆవు నాయనా."

"ఆవు అని తెలుస్తాండాది. దాంట్లో నీలమేంది?"

"అదే నేను పొద్దున్నుంచి చెప్పల్లనుకుంటాండేది. పొద్దున ఒక కొత్త ప్రోగ్రాము వేసినాను. అది ఈ పాత కంప్యూటర్‌కు సరిపోలేదు. ఇంగ ఏది చూపించినా నీలమే పూస్తాది. పొలమైనా నీలమే, ఆవైనా నీలమే. మన చేన్లో ఉండేది బండ నాయనా. ఉత్త బండ. చెట్లు కొట్టొద్దు."

"ఆవు కడుపుతో ఉండాదేమో" అంది తాయమ్మ, ఆశ వదులుకోలేక.

బచ్చప్ప అద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "నా సర్వీసులో ఆవుకు ప్లాను చూళ్ళేదు" అన్నాడు.

"ఆవుకు బోరు వేసేది మా లారీతో కాదప్పా" అని తిమ్మప్ప బండెక్కాడు. లారీ వచ్చిన దారినే వెనక్కి పోయింది.

దొడ్డమునియప్ప గొడ్డలి పక్కన పెట్టి చెట్టు కిందే కూర్చున్నాడు. తలమీద రాలిన పూతను దులుపుకోలేదు. బచ్చప్ప వచ్చి పక్కన కూర్చుని బీడీ వెలిగించాడు.

"అన్నా, ఆ నీళ్ళు నువ్వే పెట్టుకో."

"వద్దులేప్పా, నీ చేన్లోనే ఉండనీ. ఇష్టపడి వచ్చినాయి గదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేత్రావతికి లోపల ఎక్కడో పండగగా ఉంది. అంత పొడుగు మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ మాట్లాడలేదు, అదీ నడివీధిలో, లారీ ముందర.

హనుమక్క ఒక్కతే ఇంకా తెర ముందర నుంచి కదల్లేదు. "మే నేత్రా, ఈ ఆవును నా ఫోనులో ఒక ఫోటో తీసియ్యి" అంది.

"ఎందుకత్తా?"

"పాల కేంద్రమోళ్ళు నా పాలు వారం నుంచి తిరగ్గొడతాండారు, నీళ్ళు కలిపినానని. నేను కలిపినానా? చూడు, ఆవులోనే ఉండాయి!"

నేత్రావతి చెప్పబోయి నోరు తెరిచింది. కానీ ఆ రోజుకు ఆమె దగ్గర ఉన్న మాటలన్నీ అయిపోయాయి. ఫోటో తీసిచ్చి, ఇంటికి వెళ్ళి, గోధుమరంగు బొమ్మను మేడమ్‌కు పంపి తలంటి పోసుకుంది.

మర్నాడు పాల కేంద్రం సెక్రటరీ ఆ ఫోటోను ఎంతోసేపు చూసి, ఈ ఆవు యజమాని మన సంఘంలో సభ్యుడేనా అని అడిగాడు.